సముద్రం అడుగున మామ చూసిన రివిట్లు

ఈ ప్రయాణానికి కారణం మా మామ. పేరు యాదగిరి, మా అమ్మకు తమ్ముడు, యాభై ఎనిమిదేళ్లు. బేగంబజార్‌లో రాగి, ఇత్తడి పాత్రలు చేసే కంచరి. బిర్యానీ వండే డేగ్‌లు, పెళ్లిళ్లలో స్నానాలకు నీళ్లు కాచే రాగి బంబాలు ఆయన చేతి పని. నేను లాల్‌దర్వాజా దగ్గర ఒక బడిలో ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలకు సైన్సు చెబుతాను. బడి అయ్యాక వారానికి రెండు మూడు సార్లు మామ దుకాణంలో కూర్చుని, ఒక చాయ్ తాగి ఇంటికి వెళ్లడం నాకు అలవాటు. పోయిన ఏడాది వానాకాలంలో అలా కూర్చున్న ఒక సాయంత్రం, నీటి ఒత్తిడి పాఠానికి పనికొస్తుందేమోనని ఫోన్‌లో వీడియోలు వెతుకుతున్నాను. విశాఖ తీరంలో మునిగిపోయిన పాత చేపల ట్రాలర్ ఒకటి దొరికింది. సిలిండర్లు కట్టుకున్న ఇద్దరు దాని చుట్టూ ఈదుతున్నారు. మామ నా భుజం మీదుగా చూస్తూ చాయ్ తాగుతున్నాడు. ఉన్నట్టుండి గ్లాసు కింద పెట్టాడు.

"ఆపు బిడ్డా. గా పెద్ద డబ్బా చూపియ్యి. గది బాయిలర్. దాని అంచుకు వరుసగ గుండ్లు కనవడ్తున్నయా? గవి రివిట్లు."

వెల్డింగు రాకముందు ఇనప పలకలనైనా, రాగి రేకులనైనా రివిట్లతోనే అతికేవారు. ఎర్రగా కాల్చిన మేకును రంధ్రంలో దూర్చి, రెండో వైపు తల వచ్చేలా సుత్తితో కొట్టడం. మామ వాళ్ల నాన్న దగ్గర నేర్చుకున్న పని అది. ఇప్పుడు ఆ గల్లీలో రివిట్ కొట్టడం వచ్చినవాడు ఆయనొక్కడే. అడిగేవాళ్లు కూడా ఏడాదికి ఇద్దరో ముగ్గురో.

"యుద్ధం నాటి ఓడంట మామా. ఎనభై ఏండ్ల సంది నీళ్లల్లనే ఉన్నదంట," అన్నాను.

"ఎనభై ఏండ్లు ఉప్పు నీళ్లల్ల ఉండి కూడ పట్టు ఇడువలేదా? నేను చేతితోని ముట్టి చూడాలె."

నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. మర్నాడు ఫోన్ చేసి, "గా ఓడ కాడికి పోవుడు ఎట్లనో కనుక్కున్నవా?" అని అడిగాడు.

కనుక్కున్నాను. ఇలాంటి ప్రయాణం అనుకుంటున్నవాళ్లకు ముందుగా చెప్పాల్సింది ఇదే: మొదటిసారి సముద్రంలో దిగేవాళ్లను నేరుగా మునిగిన ఓడ దగ్గరికి తీసుకెళ్లరు. నాలుగు రోజుల ప్రాథమిక కోర్సు చేయాలి. అది పూర్తయితే పద్దెనిమిది మీటర్ల లోతు వరకు వెళ్లవచ్చు. ఈ ట్రాలర్ పద్నాలుగు, పదిహేను మీటర్ల లోతులో ఉంది కాబట్టి మాకు సరిపోయింది. కోర్సులో సగం హైదరాబాద్‌లోనే ఈతకొలనులో చేసి, మిగతా సగం సముద్రంలో చేసే వీలుంది. మేం వెళ్లినప్పుడు మనిషికి ఇరవై ఎనిమిది వేలు అయింది. ఓడ దగ్గరికి పడవ ఖర్చు వేరే. రెండు వందల మీటర్లు ఆగకుండా ఈదగలగాలి, పది నిమిషాలు నీటిమీద తేలగలగాలి. మామ చిన్నప్పుడు దిగుడుబావుల్లో దూకి ఈత నేర్చుకున్న మనిషి. నాకు ఈత వచ్చి రెండేళ్లే. భయం ఉండాల్సింది నాకే కానీ, అందరూ ఆయన గురించే భయపడ్డారు.

కారణం ఆయన చెవులు. నలభై ఏళ్లు రాగి మీద సుత్తి దెబ్బలు విని విని మామకు వినికిడి బాగా తగ్గింది. మిషన్ కొనిచ్చినా పెట్టుకోడు. లక్ష్మి అత్త అయితే రెండు రోజులు నాతో సరిగా మాట్లాడలేదు. "ఇంట్ల పిలిస్తే పలుకడు. సముద్రంల ఎవరు పిలుస్తరు ఆయనను? నువ్వు సదువుకున్నదానివి, నువ్వన్న చెప్పాలె గదా," అంది. అందుకే కోర్సు డబ్బు కట్టకముందే కోఠీలో ఒక చెవి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన రెండు చెవుల్లోకీ లైటు వేసి చాలాసేపు చూశాడు. వినికిడి పరీక్ష కాగితం ముందు పెట్టుకుని, నరం మొద్దుబారింది కానీ చెవి పొరలు బాగున్నాయని చెప్పాడు. ముక్కు మూసుకుని ఊదమంటే మామ రెండు చెవులూ టక్కున తెరుచుకున్నాయి. "నెమ్మదిగా దిగండి. నొప్పి వస్తే ఒక్క అడుగు కూడా కిందికి వద్దు. ఉన్న వినికిడి పోతే తిరిగి రాదు," అని చెప్పి సంతకం పెట్టాడు. బయటికి రాగానే మామ ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, బనియన్ లోపలి జేబులో దాచుకున్నాడు.

జనవరిలో రెండు ఆదివారాలు ఈతకొలను శిక్షణ. పొద్దున ఐదింటికి అఫ్జల్‌గంజ్ దగ్గర మామను స్కూటర్ ఎక్కించుకుని, ఊరి అవతలి కొసకు గంట ప్రయాణం. నేర్పించిన అమ్మాయి పేరు దివ్య. భీమిలి దగ్గర జాలరి కుటుంబంలో పుట్టింది, ముప్పై ఏళ్లుంటాయి. నెలలో కొన్ని రోజులు హైదరాబాద్ వచ్చి కొలనులో నేర్పుతుంది, మిగతా రోజులు సముద్రంలో ఉంటుంది. మాకు సముద్రంలోనూ తనే తోడు. మామను మొదటి రోజు నుంచే "బాబాయ్" అంది.

నీటి కింద మాట్లాడలేం కాబట్టి అన్నీ చేతి సైగలే. నాకు ఆ సైగలు గుర్తుపెట్టుకోవడానికి ఒక రోజంతా పట్టింది. మామకు పది నిమిషాలు. ఆయన దుకాణంలో నలుగురు సుత్తులు కొడుతుంటే ఎవరి మాటా ఎవరికీ వినబడదు. జీవితమంతా సైగలతోనే పని చేయించిన మనిషి. అరచేయి కిందికి పెట్టి ఊపితే నెమ్మది, పిడికిలి బిగిస్తే ఆపు, రెండు వేళ్లు చూపిస్తే చాయ్. ఒక్కటి మాత్రం ఆయనకు నచ్చలేదు.

"బొటనవేలు పైకి చూపిస్తే బాగుంది అని కాదు బాబాయ్. 'నేను పైకి వెళ్లాలి' అని. బాగుంటే చూపుడువేలు, బొటనవేలు కలిపి ఇలా సున్నా చుట్టండి," అంది దివ్య.

"బొటనవేలంటె మంచిగున్నదనే గదా బిడ్డా. దునియా మొత్తం గంతే."

"నీళ్లలో దునియా వేరు బాబాయ్. ఎవరు బొటనవేలు చూపించినా ఎందుకని అడగను. అందరం పైకి వెళ్లిపోతాం."

సరేనన్నాడు.

ఫిబ్రవరి మూడో వారంలో బయలుదేరాం. విశాఖ తీరంలో నీళ్లు కాస్త తేటగా, సముద్రం కాస్త నిమ్మళంగా ఉండే రోజులవి. చివరికి అత్త కూడా మాతో వచ్చింది. "నేను ఒడ్డు మీదన్న కూసుంట," అని సర్వపిండి, చపాతీలు, మామిడికాయ తొక్కు కట్టుకుంది. నాంపల్లిలో సాయంత్రం రైలెక్కితే పొద్దున ఆరు దాటాక విశాఖలో దిగాం. స్లీపర్ టికెట్ ఐదు వందల లోపే. స్టేషన్ నుంచి ఆటోలో బస్టాండ్‌కు, అక్కడి నుంచి సముద్రం పక్కనే సాగే రోడ్డు మీద భీమిలికి బస్సులో గంట పైన. ఈ బస్సులో కుడివైపు కిటికీ దొరికితే వదలకండి. భీమిలి నుంచి ఇంకో అరగంట ఆటోలో వెళితే దివ్య చెప్పిన పల్లె వస్తుంది. ఆ పల్లె పేరు రాయొద్దని తనే అడిగింది. పేరు బయటికి వస్తే ఓడ ముక్కలు ఊడదీసుకుపోయేవాళ్లు వస్తారని దిగులు. భీమిలిలో డైవింగ్ నేర్పేవాళ్లను అడిగితే దారి వాళ్లే చూపిస్తారు. ఇంటి గదులు అద్దెకు దొరుకుతాయి. మాకు రోజుకు తొమ్మిది వందలు పడింది, పొద్దున ఇడ్లీతో కలిపి.

మొదటి రెండు రోజులు తీరానికి దగ్గరగా, రాతి గుట్టల మీద నాలుగు సార్లు దిగాం. రబ్బరు సూటు వేసుకోవడం ఒక యుద్ధం. మామకు కాళ్ల వరకు ఎక్కింది, పొట్ట దగ్గర ఆగిపోయింది. ఒడ్డున ఉంటానని వచ్చి పడవెక్కేసిన అత్త, పడవ నడిపే నూకరాజు గారు చెరో పక్క పట్టుకుని లాగారు. "దిండుకు గలీబు ఎక్కించినట్టున్నది," అంటూ అత్త నవ్వడం మొదలుపెట్టి, నవ్వలేక పడవ అంచు పట్టుకుని కూర్చుంది. ఆ నవ్వుతోనే మా ఇద్దరి మీద ఆమె కోపం కూడా పోయింది. దిగేటప్పుడు నా చెవులే మొరాయించాయి. ప్రతి మీటరుకూ ఆగి, ముక్కు పట్టుకుని ఊదాల్సి వచ్చింది. మామ ఏ ఇబ్బందీ లేకుండా కిందికి వెళ్లి, ఇసుక మీద మోకాళ్లు ఆనించి నా కోసం చూస్తూ ఉండేవాడు. రెండో రోజు సాయంత్రానికి మా ఇద్దరికీ కోర్సు పూర్తయింది.

మూడో రోజు ఓడ. పొద్దున ఆరింటికి బయలుదేరితే పడవలో నలభై నిమిషాలు. యుద్ధం రోజుల్లో నౌకాదళాలు చేపల ట్రాలర్లను తీసుకుని, సముద్రంలో దాచిన బాంబులను ఏరే పనికి పెట్టేవట. ఇదీ అలాంటిదేనని దివ్య విన్నది. దాని పేరు ఎవరికీ తెలియదు. పల్లెవాళ్లు దాన్ని 'ఇనప తెప్ప' అంటారు. పడవ లంగరు వేశాక దివ్య మామ ముందు కూర్చుంది.

"బాబాయ్, ఓడను ముట్టుకోవద్దనేది నియమం. పాత ఇనుము కోసుకుపోతుంది, సందుల్లో విషపు ముళ్లున్న చేపలు ఉంటాయి. మీరు దీనికోసమే ఇంత దూరం వచ్చారని తెలుసు. అందుకని ఒక్క చోట, నేను చూపించిన చోట, రెండు వేళ్లు. అంతే."

"రెండు వేళ్లు చాలు బిడ్డా," అన్నాడు మామ.

తాడు పట్టుకుని దిగాం. పది మీటర్ల దగ్గర కింద ఏదో నల్లటి పొడుగాటి నీడ కనిపించింది. ఇంకొంచెం దిగేసరికి అది ఓడయింది. ముందు భాగం ఒక పక్కకు ఒరిగి ఇసుకలో కూరుకుపోయింది. వల లాగే పెద్ద చక్రం మాత్రం నిటారుగా నిలబడి ఉంది, దాని నిండా గుల్లలు. పసుపు చారల చిన్న చేపలు వందల కొద్దీ మా ముందు నుంచి ఒక్కసారిగా పక్కకు తిరిగాయి. బడిలో పిల్లలకు ఒత్తిడి గురించి ఎన్నిసార్లు బోర్డు మీద లెక్కలు వేశానో, ఆ క్షణంలో ఒక్కటీ గుర్తు రాలేదు. నోట్లో గొట్టం ఉంది కాబట్టి సరిపోయింది, లేకపోతే నోరు తెరుచుకుని ఉండేదాన్ని. దివ్య మమ్మల్ని ఓడ మధ్యకు తీసుకెళ్లింది. పలకలు విరిగిపోయి లోపలి బాయిలర్ బయటపడి ఉంది, మామ దుకాణం గది అంత ఉంటుంది. మామ దాన్ని చూసి ఆగిపోయాడు. తర్వాత నా వైపు తిరిగాడు. మాస్కు లోపల కళ్లు మెరుస్తున్నాయి. కుడిచేయి ముందుకు చాచి, బొటనవేలు పైకెత్తాడు.

దివ్య అది చూసింది. నిజంగానేనా అన్నట్టు తనూ బొటనవేలు పైకి చూపించింది. తనను మెచ్చుకుంటోందనుకున్నాడు మామ. ఈసారి రెండు బొటనవేళ్లూ ఎత్తాడు. నేను చేతులు అడ్డంగా ఊపాను కానీ, దిగినవాళ్లలో ఒకరు పైకి అంటే ఇంకొకరి మాట చెల్లదు. దివ్య మామ చేయి పట్టుకుని తాడు వైపు తిరిగింది. ఓడ దగ్గర మేం ఉన్నది నాలుగు నిమిషాలు.

పైకి తేలగానే దివ్య కంగారుగా అడిగింది. "ఏమైంది బాబాయ్? చెవి నొప్పా?"

మామకు వినబడలేదు. నేను గట్టిగా చెప్పాను.

"నొప్పెందుకు? మస్తున్నది అన్న," అన్నాడాయన. ఆ తర్వాత తన బొటనవేలు వంక చూసుకున్నాడు. పడవ మీది నుంచి అత్త, "ఏమాయె? అప్పుడే అయిపోయిందా?" అని అడిగింది.

గంట విశ్రాంతి తీసుకుని రెండో సిలిండర్‌తో దిగుదామంది దివ్య. కానీ ఆ గంటలోనే గాలి మారింది. పడవ ఊగడం మొదలైంది, తాడు బిగుసుకుంది. నూకరాజు గారు దక్షిణం వైపు చూసి తల అడ్డంగా ఊపారు. "ఈయాల్టికి సాలమ్మా. ఇక్కడ ఇంకాసేపున్నామంటే ఒడ్డుకి సేరడం కష్టం," అన్నారు. ఒడ్డుకు వచ్చేదాకా మామ పడవ ముందు భాగంలో కూర్చుని, వెనక్కి తిరగలేదు. మర్నాడు సాయంత్రం ఐదింటికి మా తిరుగు రైలు.

మధ్యాహ్నం నూకరాజు గారింట్లో భోజనం. ముందుగా చెబితే వాళ్లావిడ వండి పెడుతుంది, మనిషికి నూట యాభై. వంజరం చేప పులుసు, వేడి అన్నం. అత్త ఆ పులుసులో చింతపండు ఎంత వేశారో, మెంతులు ఎప్పుడు వేశారో అన్నీ అడిగి తెలుసుకుంది. మామ తలొంచుకుని తింటున్నాడు. ఆయన్ని మాటల్లో పెట్టాలనేమో, నూకరాజు గారు ఓడ సంగతి ఎత్తారు.

"మా తాత సూసేడండి, అది ములిగిపోడం. బాంబు తగిలిందని కొందరు, గాలివానకి రాయి గుద్దుకుందని కొందరు. మా తాతకి అదేటో తెలీదు. పొద్దున్నే సూస్తే నీళ్లలో మనుసులు. తెప్పలేసుకుని ఎల్లేరు. తొమ్మిది మందిని ఒడ్డుకి తెచ్చేరంట."

ఆయన చెబుతున్నది మామ చెవి దగ్గర నేను మళ్లీ చెబుతున్నాను. మామ తినడం ఆపాడు.

"తెల్లోళ్లు కొందరు, బెంగాలీవోళ్లో ఎవరో కొందరు. ఆల్ల మాట ఈల్లకి రాదు, ఈల్ల మాట ఆల్లకి రాదు. గంజి కాసి పోసేరు. రెండ్రోజులు మా తాత పాకలోనే పడుకున్నారంట ముగ్గురు."

"మాట రాకుంటె ఎట్ల మాట్లాడుకున్నరన్నా?" అడిగింది అత్త.

"సేతుల్తోనేనమ్మా. ఒకడు పొట్ట మీద సెయ్యేసుకుని దండం పెట్టేడంట. మా నాన్నమ్మ ఆ సంగతి సెప్పి సెప్పి నవ్వేది."

మామ చేయి కడుక్కోవడానికి లేచినప్పుడు నూకరాజు గారి భుజం మీద ఒకసారి చేయి వేశాడు. "రేపు పొద్దుగాల గాలి తక్కువుంటదా అన్నా?" అని అడిగాడు.

"ఉండొచ్చు, ఉండకపోవచ్చు. ఐదున్నరకి రండి, సూద్దారి."

మర్నాడు ఐదున్నరకు మేం ఒడ్డున ఉన్నాం. సామాన్లు అప్పటికే సర్ది పెట్టాం. సముద్రం నిమ్మళంగానే ఉంది కానీ, రాత్రి గాలికి కదిలి నీళ్లు చిక్కటి ఆకుపచ్చ రంగులోకి తిరిగాయి. ఓడ ఉన్న చోటికి చేరాక దివ్య ముఖం నీళ్లలో పెట్టి చూసి, లేచి చెప్పింది. "మూడు నాలుగు మీటర్ల కంటే దూరం కనబడడం లేదు. దిగి చూద్దాం. పది మీటర్ల దగ్గర కూడా ఇలాగే ఉంటే వెనక్కి వచ్చేస్తాం. సరేనా బాబాయ్?" మామ వేలు, బొటనవేలు కలిపి సున్నా చుట్టి చూపించాడు. అత్త కూడా పడవలో కూర్చుని అదే సున్నా చుట్టింది.

ఆరు మీటర్ల దగ్గర నాకు భయం పట్టుకుంది. పైన ఆకుపచ్చ, కింద ఆకుపచ్చ, చేతిలో తాడు తప్ప ఇంకేమీ లేదు. ముందు దిగుతున్న దివ్య నాకు కనబడలేదు. మాస్కులోకి కొన్ని నీళ్లు వచ్చాయి. అది ఎలా తీసేయాలో కొలనులో ఇరవై సార్లు చేశాను, అయినా చేయి కదల్లేదు. ఊపిరి గబగబా వస్తోంది, బుడగల చప్పుడు తల నిండా మోగుతోంది. అప్పుడు ఎవరో నా మణికట్టు పట్టుకున్నారు. నా వెనకే దిగుతున్న మామ. ముఖం నా ముఖానికి దగ్గరగా తెచ్చి, రెండో చేయి అరచేతిని కిందికి పెట్టి మెల్లగా ఊపాడు. నెమ్మది. దుకాణంలో కొత్తగా సుత్తి పట్టినవాళ్లకు చూపించే సైగ. ఆయన ఛాతీ పైకి లేచి కిందికి దిగడం చూస్తూ, దానితో పాటే ఊపిరి తీసుకున్నాను. నాలుగైదు సార్లు. తర్వాత తల పైకెత్తి, మాస్కు పై అంచు నొక్కి, ముక్కుతో ఊదాను. నీళ్లు పోయాయి. దివ్య వెనక్కి పైకి వచ్చి, వెళదామా వద్దా అని అడిగింది. సున్నా చుట్టాను.

తొమ్మిది మీటర్లు దాటగానే పరదా తొలగించినట్టు నీళ్లు తేటపడ్డాయి. పైన కలిసిన మురికి కిందికి దిగలేదు. కాస్త చల్లగా, కాస్త చీకటిగా, కానీ ఓడ ఈ కొస నుంచి ఆ కొస దాకా కనిపించింది. వల చక్రం కింద ఒక పెద్ద చేప బండరాయిలా కదలకుండా మమ్మల్ని చూస్తోంది. మామ ఈసారి దేని దగ్గరా ఆగలేదు. దివ్య బాయిలర్ పక్కకు తీసుకెళ్లి ఒక చోటు చూపించింది. తెగిపోయిన వల తాడు ఏదో అలల్లో అక్కడ ఏళ్ల తరబడి ఒరుసుకున్నట్టుంది, గుల్లలూ నాచూ ఊడిపోయి జానెడు వెడల్పున ఇనుము బయటపడింది. రివిట్లు రెండు వరుసలు, ఒకదాని పక్కన ఒకటి, సమానమైన ఎడంతో.

మామ చేతి తొడుగు తీసి దివ్యకు ఇచ్చాడు. రెండు వేళ్లు మొదటి రివిట్ తల మీద పెట్టాడు. కొత్త డేగ్ పూర్తయ్యాక దాని అంచు తడిమి చూసేటప్పుడు ఆయన ముఖం ఎలా ఉంటుందో నాకు తెలుసు. అలాగే ఉంది. ఒక్కొక్కటే దాటుతూ వేళ్లు జరిపాడు. వరుస చివర ఆగి, వెనక్కి వచ్చి, మళ్లీ అక్కడికే వెళ్లాడు. నన్ను రమ్మని సైగ చేసి, రెండు రివిట్లను వేలితో చూపించాడు. దగ్గరికి వెళ్లి చూస్తే అర్థమైంది. మిగతా వాటికంటే ఆ రెండింటి తలలు పెద్దవి, ఒకటి కొంచెం వంకర. దివ్య కూడా వంగి చూసి, నా వైపు తిరిగి కళ్లు పెద్దవి చేసింది. ఆమె అక్కడికి ఎన్నోసార్లు వచ్చింది, ఎప్పుడూ గమనించలేదట. ఇరవై రెండు నిమిషాలు కింద ఉన్నాం. సిలిండర్లలో గాలి తగ్గిందని దివ్య బొటనవేలు పైకి చూపించినప్పుడు, మామ తొడుగు వేసుకుని నిమ్మళంగా తాడు వైపు ఈదాడు.

పడవ ఎక్కాక మామకు అత్త తువ్వాలు కప్పి, థర్మాస్ లోంచి చాయ్ పోసి ఇచ్చింది. సగం తాగాక చెప్పడం మొదలుపెట్టాడు. తనకు వినబడదు కాబట్టి ఎప్పుడూ గట్టిగానే మాట్లాడతాడు. ఆ చుట్టుపక్కల వల వేస్తున్న పడవలవాళ్లు కూడా మా వైపు తిరిగి చూశారు.

"పట్టు ఇడువలేదు. ఒక్కటి గూడ కదులుత లేదు. గా రెండు మాత్రం తర్వాత కొట్టినయి. మొదలు కొట్టినోడు పెద్ద కార్ఖానాల కొట్టిండు, పొయ్యి పక్కనే పెట్టుకోని, టైమ్ తీస్కోని కొట్టిండు. గీ రెండు కొట్టినోనికి టైమ్ లేదు. బాయిలర్ కారుతున్నదేమో, ఓడ ఊగుతున్నదేమో. చెయ్యి వంకర పోయింది. గయినా గట్టిగనే కొట్టిండు. గది గూడ ఇంకా పట్టే ఉన్నది."

"ఎవరు కొట్టిన్రో?" అంది అత్త.

"ఎవనికెరుక. పేరు లేదు, ఏం లేదు. పనోడు, గంతే."

నూకరాజు గారు ఇంజను మీద చేయి వేసుకుని అంతా విన్నారు. "మా పాకలో పడుకున్న ముగ్గుర్లో ఒకడేమో బాబూ," అన్నారు. మామ కోసం నేను ఆ మాట గట్టిగా మళ్లీ చెప్పాను. అయ్యుండొచ్చన్నట్టు మామ తల ఊపాడు. తర్వాత ఆయనా నూకరాజు గారూ ఒకరినొకరు చూసుకుని నవ్వారు, ఎందుకో వాళ్లకే తెలియాలి. ఒడ్డు చేరేదాకా అత్త మిగిలిన సర్వపిండి తుంచి తుంచి అందరికీ పంచింది. సాయంత్రం రైలు అందుకున్నాం. మర్నాడు పొద్దున నాంపల్లిలో దిగి, ఇంటికి పోకుండా నేరుగా దుకాణానికి వెళ్లాడు మామ.

ఎందుకు వెళ్లారు, ఏం చూశారు అని నన్ను చాలామంది అడిగారు. చేపలు, ఓడ, నీళ్ల రంగు అని చెప్పి ఊరుకున్నాను. నిజానికి నేను చూసింది ఒక మనిషి ఇంకో మనిషి చేసిన పనిని చదవడం. ఇద్దరూ ఎప్పుడూ కలవలేదు. ఒకరి దేశం ఏదో, పేరు ఏదో ఇంకొకరికి తెలియదు. అయినా ఇనుము మీద జానెడు చోటులో ఆ తెలియని మనిషి హడావుడి, ఊపు, పట్టుదల అన్నీ మామకు కనబడ్డాయి. పోయిన వారం దుకాణానికి వెళితే ఒక పెళ్లివాళ్ల బంబా పూర్తవుతోంది. అంచు కింద, ఎవరికీ కనబడని చోట, మామ చిన్న ఉలితో 'య' అని చెక్కుతున్నాడు. నలభై ఏళ్లలో ఆయన ఏ పాత్ర మీదా తన గుర్తు పెట్టుకోవడం నేను చూడలేదు. గిది ఎవరు చూస్తరు మామా అని చెవి దగ్గర అడిగాను. ఉలి ఆపకుండానే, "ఎప్పటికో ఎవడో ఒకడు వంగి చూస్తడు తియ్యి," అన్నాడు.

వెళ్లాలనుకునేవాళ్లకు ఒక్క సలహా. తిరుగు టికెట్ మీరు అనుకున్నదానికి ఒక రోజు తర్వాతకు తీసుకోండి. సముద్రం మన సెలవుల లెక్క చూసుకోదు. చేతిలో ఆ ఒక్క పొద్దున మిగిలి ఉండకపోతే, మామ ఓడ దగ్గర గడిపింది నాలుగు నిమిషాలే అయ్యేది.